బెంగళూరు – సింగపూరు : రెండు నగరాలు, వాటి బాటలు
(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాలలో చేసిన ప్రసంగ పాఠం)



ఒక పాఠశాలకు 75 సంవత్సరాలు నిండటం సామాన్య విషయం కాదు. ఒక మనిషి జీవితంలో అది వృద్ధాప్యం. నగర జీవితంలో మాత్రం అది ఒక అధ్యాయం. ఈ అధ్యాయకాలంలో బెంగళూరు ఎంత మారిందో సభలో ఉన్న తొలితరం విద్యార్థులకు ఒకరు చెప్పవలసిన పని లేదు. అయితే ఒక నగరాన్ని దానితోనే కొలిచి చూస్తే పెరుగుదల మాత్రమే కనిపిస్తుంది. మరొక నగరం పక్కన నిలబెట్టి చూసినప్పుడు ఆ పెరుగుదల ఏ దారిన సాగిందో తెలుస్తుంది. అందుకు సింగపూరు తగిన నగరం.

1951 జనాభా లెక్కల ప్రకారం బెంగళూరు జనసంఖ్య ఎనిమిది లక్షలకు కొంచెం తక్కువ. 1947 లెక్కల ప్రకారం సింగపూరు జనసంఖ్య తొమ్మిది లక్షల 38 వేలు. అంటే ముప్పాతిక శతాబ్దం క్రితం ఈ రెండూ ఇంచుమించు ఈడూజోడూ అయిన నగరాలు. ఆ జోడీలో సింగపూరే కాస్త పెద్దది. 2011 నాటికి బెంగళూరు మహానగర పాలికె పరిధిలో 84 లక్షల మంది, సింగపూరులో సుమారు 52 లక్షల మంది నివసించారు. విస్తీర్ణంలో కూడా రెండింటికీ పోలిక ఉన్నది. 2007లో ఏర్పడిన బృహత్ బెంగళూరు మహానగర పాలికె విస్తీర్ణం 700 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. సింగపూరు నేటి విస్తీర్ణం సుమారు 735 చదరపు కిలోమీటర్లు. ఇంత సామ్యం ఉన్నందువల్లనే కాబోలు, 1999లో శ్రీ ఎస్.ఎం. కృష్ణ కర్ణాటక ముఖ్యమంత్రి అయిన తరువాత "బెంగళూరును సింగపూరు చేయాలి" అనే మాట ఇంటింటా వినిపించింది. ఆ మాటలో ఎంత సాధ్యం, ఎంత అసాధ్యం, ఎంత అనవసరం అన్నదే ఈ ప్రసంగ విషయం.

నేల తీరు

బెంగళూరు దక్కను పీఠభూమిపై, సముద్రమట్టానికి దాదాపు 920 మీటర్ల ఎత్తున, 13 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి చేరువలో ఉన్నది. చుట్టూ సముద్రం లేదు, ఊరి పక్కన పెద్ద నది లేదు. నగరం నడుమ ఉత్తరం నుంచి దక్షిణానికి వెన్నెముక వంటి ఒక మిట్ట సాగుతుంది. ఆ మిట్టకు పడమట కురిసిన వాన వృషభావతిలో చేరి, అర్కావతి ద్వారా కావేరిలో కలుస్తుంది. తూర్పున కురిసిన వాన హలసూరు, బెళ్ళందూరు, వర్తూరు వంటి చెరువులు దాటి దక్షిణ పినాకినిలోకి పోతుంది. ఈ దక్షిణ పినాకినీ, నెల్లూరును తడిపే ఉత్తర పినాకిని అయిన పెన్నా నదీ, రెండూ నగరానికి ఉత్తరాన ఉన్న నంది కొండల సీమలో పుట్టినవే. అనంతపురం, కడప, నెల్లూరు జిల్లాల వారికి బెంగళూరు పరాయి ఊరు కాదనడానికి ఇంతకంటె పాత సాక్ష్యం అక్కరలేదు.

నది లేని ఊరికి చెరువులే ప్రాణం. వానకాలంలో పై చెరువు నిండి, మరువ పారి, కాలువ ద్వారా కింది చెరువుకు నీరు చేరేది. ఏటా కురిసే దాదాపు 970 మిల్లీమీటర్ల వానను ఇలా మెట్టు మెట్టుకూ పట్టి ఉంచిన గొలుసు అది. నేల కింద మాత్రం అతి ప్రాచీనమైన గట్టి శిల. లాల్‌బాగ్‌లో పైకి కనిపించే బండ వయస్సు సుమారు 300 కోట్ల సంవత్సరాలని భూగర్భ శాస్త్రవేత్తలు నిర్ణయించారు. తరువాతి కాలంలో మెట్రో సొరంగాలు తవ్వే యంత్రాలను ముప్పుతిప్పలు పెట్టింది ఈ శిలాజాతియే.

సింగపూరు భూమధ్యరేఖకు ఒక డిగ్రీకి కాస్త ఎగువన, మలయా ద్వీపకల్పం కొసన ఉన్న దీవి. అందులో అత్యున్నత స్థలమైన బుకిట్ టీమా గుట్ట ఎత్తు 164 మీటర్లకు మించదు. వాన మాత్రం బెంగళూరుకు రెట్టింపు పైగా పడుతుంది. అయినా చిన్న దీవి కావడం చేత పడిన నీరు పడినట్లే సముద్రం పాలయ్యేది. ఉత్తరాన జొహోర్ జలసంధి, దానికి అడ్డంగా ఒక కిలోమీటరు పొడవున 1920లలో కట్టిన రాతి కట్ట – దానిపై రైలు, రోడ్డు, నీటి గొట్టాలు. చాలాకాలం ఆ నగరానికి భూమిపై నుంచి ఉన్న ఏకైక ద్వారం అదే. రెండవ వంతెన 1998లో వచ్చింది.

కనుక ప్రకృతి ఇద్దరికీ ఒక్కొక్కటి ఇచ్చి ఒక్కొక్కటి దాచుకొన్నది. సింగపూరుకు లోతైన రేవు ఇచ్చింది, నేల ఇవ్వలేదు. బెంగళూరుకు చల్లని గాలి, ఎటు పోయినా అడ్డులేని నేల ఇచ్చింది, నీరు సమృద్ధిగా ఇవ్వలేదు. అడ్డులేని నేల వరమా, శాపమా అన్నది ముందు ముందు తేలుతుంది.

తొలి బాటలు

1537లో యలహంక ప్రభువు కెంపేగౌడ మట్టికోట కట్టి బెంగళూరును నెలకొల్పాడు. ఆయన తెలుగులో 'గంగాగౌరీ విలాసము' అనే యక్షగానం రచించాడని చెబుతారు. దొడ్డపేట, చిక్కపేట కలిసేచోట నాలుగు జతల ఎద్దులకు నాగళ్ళు కట్టి నాలుగు దిక్కులకూ తోలించాడనీ, ఆ నాగటి చాళ్ళే నగరపు తొలి వీధులైనాయనీ ఐతిహ్యం. అది కథే కావచ్చు. కాని అందులో ఒక ప్రణాళికా సూత్రం ఉన్నది. ముందు బాట, తరువాత ఇల్లు. బళేపేట, అక్కిపేట, నగర్తపేట – ఒక్కొక్క వృత్తికి, ఒక్కొక్క సరుకుకు ఒక్కొక్క పేట. మనిషి ఇంటికీ పనికీ మధ్య నడక దూరమే.

సింగపూరులో 1819 జనవరిలో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి స్టాంఫర్డ్ రాఫెల్స్ అడుగుపెట్టాడు. అప్పటికి పదేళ్ళ ముందు, 1809లో, బెంగళూరు దండు ప్రాంతం ఏర్పడింది. ఈ తరం పిల్లలకు ఆశ్చర్యం కలిగించే సంగతి ఒకటి ఉన్నది: 1867 వరకూ సింగపూరు కూడా కలకత్తా నుంచే పాలింపబడింది. రెండు ఊళ్ళూ ఒకే ప్రభుత్వపు దస్తరాలలో ఉండేవి.

రైలు బెంగళూరుకు ముందు వచ్చింది. 1864లో జోలార్‌పేట నుంచి కుప్పం మీదుగా దండు స్టేషనుకు రైలుమార్గం తెరుచుకొన్నది. ఆ శతాబ్దపు చివరి దశకంలో హిందూపురం, ధర్మవరం మీదుగా గుంతకల్లు మార్గం వచ్చింది. ఆ రెండు మార్గాలూ రాయలసీమ కుటుంబాలు ఎన్నింటినో బెంగళూరుకు చేర్చాయి. సింగపూరులో రైలు 1903లో గాని రాలేదు. 1905లో బెంగళూరు వీధుల్లో శివనసముద్రం నుంచి వచ్చిన విద్యుత్తుతో దీపాలు వెలిగాయి. అదే సంవత్సరం సింగపూరు వీధుల్లో విద్యుత్తుతో ట్రాములు నడిచాయి. ఒకే ఏడు, ఒకే శక్తి. ఒకచోట దీపానికి, ఒకచోట బండికి. బెంగళూరులో ట్రాము ఎన్నడూ నడవలేదు.

ఈ రెండు ఊళ్ళ మధ్య సాగరమార్గం మద్రాసు మీదుగా ఉండేది. 1926 నుంచి 1973 వరకు 'రజులా' అనే నౌక మద్రాసు, నాగపట్టణం, పినాంగు, సింగపూరు రేవుల మధ్య తిరిగింది. మలయా తోటలకు వెళ్ళిన శ్రీకాకుళం, విశాఖపట్టణం జిల్లాల తెలుగువారి వారసులు నేటికీ ఆ దేశంలో ఉన్నారు. సింగపూరులో తెలుగు సమాజం 1975లో ఏర్పడింది. ఓడలో రోజుల తరబడి సాగిన ప్రయాణం విమానంలో నాలుగు గంటల పైచిలుకుకు తగ్గింది. నగరాల మధ్య దూరం తగ్గినంతగా నగరం లోపలి దూరం తగ్గిందా అన్నది వేరే ప్రశ్న.

చెరువు బస్‌స్టాండైన ఊరు, కడలి చెరువైన ఊరు

బెంగళూరు జనం మెజెస్టిక్ అని పిలుచుకొనే కెంపేగౌడ బస్‌స్టాండు ఒకనాటి ధర్మాంబుధి చెరువు. కంఠీరవ క్రీడాంగణం ఒకనాటి సంపంగి చెరువు. 1997 జాతీయ క్రీడల కోసం కట్టిన క్రీడాగ్రామం కోరమంగల చెరువు గర్భంలో ఉన్నది. ఊరు పెరిగే కొద్దీ ఖాళీ జాగాగా కనిపించినది చెరువే. 1933లో తిప్పగొండనహళ్ళి జలాశయం, 1974 నుంచి కావేరి నీరు అందుబాటులోకి రావడంతో చెరువు నీరు అవసరం లేదనుకొన్నారు. సుమారు నూరు కిలోమీటర్ల దూరం నుంచి, అర కిలోమీటరు ఎత్తుకు పంపులతో ఎక్కించి కావేరి నీటిని తేవలసి వస్తున్నది. 2024 అక్టోబరులో ఆ పథకపు అయిదవ దశ ప్రారంభమైనది. దానికి కొన్ని నెలల ముందే, ఆ వేసవిలో, బోరుబావులెండి నగరం అల్లాడింది.

సింగపూరు ఇందుకు తలకిందులైన పని చేసింది. 1962 ఒడంబడిక ప్రకారం జొహోర్ నుంచి నీరు 2061 వరకు తీసుకొనే హక్కున్నా, పొరుగువాని కుళాయి మీద ఆధారపడటం క్షేమం కాదని గ్రహించింది. 1977లో మొదలుపెట్టి పదేళ్ళు శ్రమించి మురికికూపమైన నదిని శుభ్రం చేసింది. 2003లో వాడిన నీటిని శుద్ధిచేసి తిరిగి వాడటం మొదలైనది. 2008లో నది సముద్రంలో కలిసేచోట అడ్డుకట్ట వేసి, ఉప్పునీటి అఖాతాన్ని మంచినీటి చెరువుగా మార్చింది. ఒకచోట చెరువు బస్‌స్టాండైతే మరొకచోట కడలి చెరువైనది.

ఇది నీటి సంగతే కదా, రవాణాతో ఏమి పని అని సందేహం కలుగవచ్చు. 2022 సెప్టెంబరులో కురిసిన వానలకు బాహ్య వలయ రహదారి జలమయమైనప్పుడు కంప్యూటరు సంస్థల ఉద్యోగులు ట్రాక్టర్లెక్కి కార్యాలయాలకు వెళ్ళిన దృశ్యాలు దేశమంతా చూసింది. చెరువు దారి మూసినచోట వాన మనుషుల దారి మూసింది. భూగోళ పాఠంలోని మిట్టపల్లాలు పరీక్ష రాసి మరచిపోయేవి కావు.

బస్సు నుంచి మెట్రో దాకా

బెంగళూరులో నగర బస్సులు 1940లో ఒక ప్రైవేటు కంపెనీతో మొదలైనాయి. 1956లో ప్రభుత్వపరమైనాయి. 1997లో ఇప్పటి బి.ఎం.టి.సి. సంస్థ ఏర్పడింది. సింగపూరులో చిన్న చిన్న బస్సు కంపెనీలు పరస్పరం పోటీపడి జనాన్ని ఇబ్బంది పెట్టేవి. 1971లో వాటిని కొన్నింటిగా కలిపి, 1973లో ఒకే సంస్థగా రూపొందించారు. 1974లో రోడ్లపై బస్సులకు ప్రత్యేక వరుస కేటాయించారు. 1975 జూన్‌లో నగర కేంద్రంలోకి ఉదయం వేళ వచ్చే కార్లకు రోజుకు మూడు డాలర్ల రుసుము విధించారు. నలుగురు కలిసి వచ్చే కారుకు ఆ రుసుము లేదు. ఈ వరుసక్రమం గమనించదగినది. ముందు బస్సును బాగు చేశారు. తరువాత కారుకు వెల కట్టారు.

రైలు విషయంలో అక్కడ కూడా పదేళ్ళు వాదోపవాదాలు జరిగాయి. బస్సులే చాలును, ఇంత డబ్బు దండుగ అని ఉప ప్రధాని గో కెంగ్ స్వీ వంటి దక్షులు శంకించారు. రైలు లేనిదే చిన్న దీవికి దిక్కులేదని ఓంగ్ టెంగ్ చియాంగ్ వాదించారు. చివరకు 1982లో నిర్ణయం, 1983లో పని ఆరంభం, 1987 నవంబరు 7న తొలి రైలు – ఆరు కిలోమీటర్లు, అయిదు స్టేషన్లు. 1971 నాటి నగర రూపకల్పనలోనే రైలు సాగే బాటను ఊహించి, దాని వెంట కొత్త పేటలు కట్టడం వలన పని చకచక సాగింది.

బెంగళూరులో రైలు కోసం 1994లో ఒక కంపెనీ ఏర్పడినా ఆ ప్రతిపాదన పట్టాలెక్కలేదు. 2006 జూన్‌లో ప్రధాని మన్మోహన్ సింగ్ మెట్రోకు శంకుస్థాపన చేశారు. 2011 అక్టోబరు 20న బైయప్పనహళ్ళి నుంచి మహాత్మాగాంధీ రోడ్డు వరకు తొలి రైలు నడిచింది. దూరం ఆరున్నర కిలోమీటర్ల పైచిలుకు. రెండు నగరాల తొలి అంచెలూ దాదాపు సమానం. నడుమ వ్యవధి 24 సంవత్సరాలు. మొదటి దశ 42 కిలోమీటర్లు 2017లో పూర్తయినది. 2025 ఆగస్టులో బొమ్మసంద్ర మార్గం తెరిచిన తరువాత మొత్తం 96 కిలోమీటర్లకు చేరింది. సింగపూరు రైలుమార్గాలు 240 కిలోమీటర్లు దాటినాయి.

వాహనాల లెక్క మరీ ఆలోచింపజేసేది. 60 లక్షల జనం ఉన్న సింగపూరులో అన్ని రకాల వాహనాలూ కలిసి దాదాపు పది లక్షలు. బెంగళూరులో నమోదైన వాహనాలు ఇప్పటికే కోటి దాటినాయి. అందులో మూడింట రెండు వంతులు ద్విచక్ర వాహనాలు. టామ్‌టామ్ అనే సంస్థ 2022లో లెక్కకట్టగా బెంగళూరు నడిబొడ్డున పది కిలోమీటర్లు దాటడానికి సగటున 29 నిమిషాలు పట్టింది. ప్రపంచంలో లండను తరువాతి స్థానం అది.

ప్రహరీ గోడ లోపలి సింగపూరు

ఈ రెండు నగరాలూ ఒకచోట నిజంగానే కలిశాయి. 1990ల ఆరంభంలో ప్రధాని శ్రీ పి.వి. నరసింహారావు, సింగపూరు ప్రధాని గో చోక్ తాంగ్ నడుమ జరిగిన ఆలోచనల ఫలితంగా వైట్‌ఫీల్డ్‌లో ఒక అంతర్జాతీయ సాంకేతిక పార్కు వెలిసింది. సింగపూరు సంస్థలు, టాటాలు, కర్ణాటక ప్రభుత్వం అందులో భాగస్వాములు. నిరంతర విద్యుత్తు కోసం సొంత విద్యుత్కేంద్రం, శుభ్రమైన లోపలి బాటలు, పచ్చిక – ఆ ఆవరణలో అడుగుపెడితే వేరే దేశంలో ఉన్నట్లుండేది. తెలుగుదేశం నలుమూలల నుంచి చదువుకొన్న యువతీయువకులు వేలాదిగా అక్కడ ఉద్యోగాలకు వచ్చారు.

కాని ఆ గేటు దాటి బయటకు వస్తే ఉన్నది పాత పల్లెబాట. 1880లలో ఆంగ్లో-ఇండియన్ కుటుంబాల కోసం ఏర్పడిన చిన్న వలసగ్రామానికి సరిపోయిన దారి అది. కార్యాలయాలు ముందు వచ్చాయి. వాటి వెంట ఇళ్ళు వచ్చాయి. ఇళ్ళ వెంట వాహనాలు వచ్చాయి. అన్నిటికీ చివర, 2023 మార్చిలో, కృష్ణరాజపురం నుంచి వైట్‌ఫీల్డ్‌కు మెట్రో వచ్చింది. పాత మార్గంతో అది కలిసినది అదే ఏడు అక్టోబరులో. ఆ పార్కుకు శ్రీకారం చుట్టిన మూడు దశాబ్దాలకు. ఆ ముప్పై ఏళ్ళలో ఒక తరం ఉద్యోగులు తమ యౌవనంలోని ఎన్ని గంటలు ఆ రోడ్డు మీద గడిపారో లెక్కించే గణితం ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు.

సింగపూరు నుంచి భవనం తేవచ్చు, పచ్చిక తేవచ్చు. అక్కడి వరుసక్రమం మాత్రం రాలేదు. బెంగళూరు పుట్టిన నాటి నాగటి చాలు చెప్పిన పాఠం – ముందు బాట, తరువాత ఇల్లు – దాన్నే సింగపూరు ఆచరించింది. అది పుట్టిన ఊరే దాన్ని మరచింది. అడ్డులేని నేల ఉన్నదన్న ధీమాతో ఊరు ఎటు పడితే అటు పాకింది. దీవికి ఆ అవకాశం లేదు. ఒక్కొక్క అడుగు నేలనూ లెక్క చూసి వాడవలసి వచ్చింది. కొరత ఒకరికి క్రమశిక్షణ నేర్పింది, సమృద్ధి మరొకరికి అశ్రద్ధ నేర్పింది.

పోలికకు హద్దులు

అయినా న్యాయం చెప్పవలసి వస్తే బెంగళూరు పక్షాన కూడా చెప్పవలసినది చాలా ఉన్నది.

మొదటిది, 1965 నుంచి సింగపూరు ఒక దేశం. దాని సరిహద్దులో పాస్‌పోర్టు చూస్తారు. బెంగళూరు ఒక రాష్ట్రానికి రాజధాని. కోలారులో కరువు వచ్చినా, అనంతపురంలో వాన లేకపోయినా, బిహారులో పని దొరకకపోయినా మనిషి రైలెక్కి ఇక్కడికి వస్తాడు. తలుపు వేసే హక్కు ఈ నగరానికి లేదు, ఉండకూడదు కూడా. ఆ తెరచిన తలుపు వల్లనే కదా ఈ గడ్డ మీద ఒక తెలుగు పాఠశాల ముప్పాతిక శతాబ్దం వర్ధిల్లినది.

రెండవది, సింగపూరు పద్ధతికి వెల ఉన్నది. 1966 చట్టం ప్రకారం ప్రభుత్వం ప్రజల భూమిని తక్కువ ధరకు తీసుకొన్నది. 1990 నుంచి కారు కొనాలంటే ముందుగా పదేళ్ళ అనుమతి పత్రాన్ని వేలంలో కొనుక్కోవాలి. 2023లో ఆ పత్రం వెలయే లక్ష సింగపూరు డాలర్లు దాటింది. అంటే అక్కడ కారు ధనికుల సొత్తు. బెంగళూరులో స్కూటరు ధనికుల వాహనం కాదు. బస్సు వేళకు రానిచోట, స్టాపు దూరమైనచోట, చిరుద్యోగి, కూరగాయల వ్యాపారి, బిడ్డను బడికి దింపే తల్లి దానిని ఆశ్రయించారు. బస్సు ఇవ్వకుండా స్కూటరుకు పన్ను వేస్తే అది సంస్కరణ కాదు, శిక్ష.

మూడవది, అక్కడ 1995లో రోడ్డు, రైలు, వాహనాల నమోదు అన్నీ ఒకే సంస్థ కిందికి తెచ్చారు. బెంగళూరులో రోడ్డు ఒకరిది, బస్సు ఒకరిది, మెట్రో మరొకరిది, రోడ్డు తవ్వే నీటి గొట్టం వేరొకరిది. ఈ శాఖల నడుమ సమన్వయం కోసం 2022లో కర్ణాటక శాసనసభ ఒక చట్టం చేసింది. 2025లో మహానగర పాలికె స్థానంలో గ్రేటర్ బెంగళూరు అథారిటీ, దాని కింద అయిదు నగర పాలికెలు వచ్చాయి. ఫలితం కాలం చెప్పాలి.

సింగపూరు కూడా ప్రతిదీ సకాలంలో చేయలేదు. 1981లో తెరిచిన చాంగీ విమానాశ్రయానికి రైలు 2002లో గాని చేరలేదు. 2008లో తెరిచిన దేవనహళ్ళి విమానాశ్రయానికి మెట్రో మార్గం 2021లో ఆమోదం పొందింది. ఈ ఒక్క విషయంలో ఎవరూ ఎవరినీ వెక్కిరించనక్కరలేదు.

తెలుగువారికి ఈ పోలిక ఇంటి విషయం కూడా. ఆంధ్రప్రదేశ్ రాజధాని అమరావతి రూపురేఖలను 2015లో సిద్ధం చేసినవి సింగపూరు సంస్థలే. 2019లో ఆ దేశపు కంపెనీల కూటమి అక్కడి నిర్మాణ పథకం నుంచి వైదొలగింది. 2024 తరువాత పనులు మళ్ళీ ఊపందుకొన్నాయి. అక్కడ ఇంకా నేల ఖాళీగా ఉన్నది. బాట ముందు వేస్తారా, భవనం ముందు కడతారా అన్నది అక్కడ ఇంకా చేతిలో ఉన్న నిర్ణయం. వైట్‌ఫీల్డ్ కథ ముందుగా వినవలసినవారు వారే.

తీసుకోదగినది

అయితే బెంగళూరు సింగపూరు నుంచి తీసుకోదగినదేమి? రాజ్యాధికారం కాదు, వేలంపాటలు కాదు, ఎత్తైన మేడలు అంతకంటె కాదు. మూడు సాదా విషయాలు.

మొదటిది బస్సు. సింగపూరు అంత రైలు ఉన్నా దాదాపు 5,800 బస్సులు నడుపుతున్నది. కోటి జనం దాటిన బెంగళూరులో బస్సులు ఆరేడు వేలు. 2023 జూన్ నుంచి కర్ణాటకలో మహిళలకు బస్సు ప్రయాణం ఉచితమైనది. టిక్కెట్టు లేని ప్రయాణం మంచిదే. ఎక్కడానికి చోటుంటే అది ఇంకా మంచిది. 2019లో సిల్క్‌బోర్డు నుంచి కృష్ణరాజపురం దాకా బస్సులకు ప్రత్యేక వరుస కేటాయించారు. అది మెట్రో పనులలో కలిసిపోయింది. పోయినదాన్ని తిరిగి తెచ్చుకోవడానికి వేల కోట్లు అక్కరలేదు.

రెండవది నడక. ప్రతి ప్రయాణం కాలినడకతో మొదలై కాలినడకతో ముగుస్తుంది. ఇంటి నుంచి బస్సు స్టాపు దాకా ఎండా వానా తగలని, గుంటలు లేని, బండ్లు నిలపని కాలిబాట ఉంటే పదేళ్ళ పిల్ల ఒంటరిగా బడికి పోగలదు. అది లేనప్పుడు తండ్రి స్కూటరు తీయాలి, తల్లి ఆటో మాట్లాడాలి, బడి గేటు ముందు నలభై వాహనాలు నిలవాలి. బడి ముందు రద్దీకి మూలం చెడ్డ తల్లిదండ్రులు కారు, చెడ్డ కాలిబాట.

మూడవది వరుస. ఒక కొత్త లేఅవుటుకు, ఒక కొత్త కార్యాలయ సముదాయానికి అనుమతి ఇచ్చేముందు అక్కడికి మనిషి ఎలా వస్తాడు, వాన నీరు ఎటు పోతుంది అన్న రెండు ప్రశ్నలకు జవాబు ఉండాలి. ఆ ప్రశ్నలు అడిగే అధికారం ప్రభుత్వానిదే అయినా, అడిగించే బాధ్యత పౌరులది.

ఒక తెలుగు మాధ్యమ పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో ఈ విషయాలెందుకని ఎవరికైనా అనిపించవచ్చు. ఇటువంటి పాఠశాల ఆయుష్షు దాని గోడల బలం మీదకంటె దాని దారుల మీద ఎక్కువ ఆధారపడి ఉన్నది. పూర్వం తెలుగు కుటుంబాలు ఒకే పేటలో దగ్గర దగ్గరగా ఉండేవి. పిల్లలు గుంపుగా నడిచి బడికి వచ్చేవారు. ఊరు పాకిన కొద్దీ కుటుంబాలు మారతహళ్ళికి, హొసకోటకు, ఎలక్ట్రానిక్ సిటీకి చెదరిపోయాయి. మాతృభాషలో చదివించాలని కోరిక ఉన్న తల్లిదండ్రులు కూడా ఆరేళ్ళ బిడ్డను రోజూ మూడు గంటలు బండిలో తిప్పలేక, ఇంటి పక్కనున్న ఏదో ఒక బడిలో చేర్చవలసి వస్తున్నది. భాష మీద అనాదరణ వల్ల కొన్ని తెలుగు బడులు మూతపడవచ్చు. కాని దూరం వల్ల మూతపడే బడిని భాషాభిమానం ఒక్కటే కాపాడలేదు. ఒక సమయానికి వచ్చే బస్సు, ఒక నడవదగిన బాట అంతకంటె ఎక్కువ కాపాడగలవు.

ఈ సభలో ఇంజనీర్లుగా, ఉద్యోగులుగా, వ్యాపారులుగా, ప్రభుత్వ శాఖలలో అధికారులుగా ఎదిగిన పూర్వ విద్యార్థులు ఉన్నారు. వారిలో కొందరు సింగపూరు చూసినవారు, అక్కడ పనిచేసినవారు. తిరిగి వచ్చినప్పుడు అక్కడి మేడల గురించి చెప్పినంత ఉత్సాహంగా అక్కడి కాలిబాటల గురించి, బస్సు స్టాపు నీడ గురించి చెప్పగలిగితే వినేవారికి మేలు జరుగుతుంది. ఉపాధ్యాయులు భూగోళ పాఠం చెప్పేటప్పుడు పటంలోని దేశాలతో పాటు బడి వెనుక కాలువ ఏ చెరువుకు పోతుందో, ఆ చెరువు ఏ నదిలో కలుస్తుందో పిల్లల చేత గీయిస్తే, రేపటి నగరానికి పనికివచ్చే పౌరులు తయారవుతారు.

బెంగళూరు సింగపూరు కానక్కరలేదు. నాలుగు నాగళ్ళతో మొదలైన బెంగళూరు, ఆ నాగటి చాలును తిరిగి గుర్తుచేసుకొంటే చాలును. ఈ విద్యాలయం శతజయంతి జరుపుకొనే నాటికి అందులో చదివే పిల్లలు తమ కాళ్ళ మీద నడిచి, తమ బస్సెక్కి, వేళకు బడి చేరే రోజు రావాలని ఆకాంక్ష.

స్వస్తి.